మా ఆయన కుసుమమ్మకు చేసే ఫోన్లు

మా ఆయన పేరు గవర్రాజు. ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేస్తాడు. చిరిగిన వల ఆయన చేతిలో పడిందంటే ఎక్కడ చిరిగిందో తరవాత బోటు ఓనరు కూడా చెప్పలేడు. అలాంటి చేతులు ఆయన తాగుడుకి చివరికి సూది కూడా పట్టుకోలేనంతగా వణికాయి. తొమ్మిదేళ్లు తాగాడు. ఆ తొమ్మిదేళ్లూ శుక్రవారం శుక్రవారం ఉపవాసముండి, చర్చిలో వెనక చాప మీద మోకాళ్లూని ఏడ్చింది నేను.

ఇప్పుడు మానేసి పద్నాలుగు నెలలు. సంతోషమే, ఎవరు కాదన్నారు? కానీ నా కడుపుమంట నాకుంది. అదీ చెబుతాను.

మా చర్చిలో గురువారం సాయంత్రాలు మందు మానాలనుకునేవాళ్లు కూడుకుంటారు. పాటలు, వాక్యం, ప్రార్థన. వాళ్లకో నియమం ఉంది. మనసు మందు మీదికి లాగితే, షాపు వైపు అడుగు పడకముందే ఒకరికి ఫోన్ చేయాలి. ఆ ఒకరు ఇంట్లోవాళ్లు కాకూడదు. ఈ నియమం పెట్టినవాళ్లకు పెళ్లయిందో లేదో నాకు తెలియదు. మా ఆయనను కుసుమకుమారికి అప్పగించారు.

ఆవిడ పూర్ణా మార్కెట్‌లో ఎండుచేపలు అమ్ముతుంది. అరవై దాటాయి. నెరిసిన జుట్టు, మోకాళ్ల నొప్పులు. భర్త తాగుడుతోనే పోయాడు. పోనీ అందగత్తె అయినా బాగుండేది, నలుగురికీ చెప్పుకుని ఏడ్చేదాన్ని. ఈవిడను చూసి కుళ్లుకుంటున్నానంటే నన్నే చూసి నవ్విపోతారు.

సాయంత్రం పని నుంచి వచ్చాక ఒక్కో రోజు మా ఆయన ముఖం అదోలా అయిపోతుంది. ఫోన్ పట్టుకుని మేడ మెట్ల మీదికి వెళ్లిపోతాడు. "పిన్నీ, నానే" అంటాడు. అంతే, ఇక పది నిమిషాలు వినడం, తల ఊపడం. దిగి వచ్చేసరికి ముఖం తేటగా ఉంటుంది.

"ఏటందేటి?" అని అడుగుతాను.

"ఏటీ అన్లేదు. ప్రార్థన సేసింది" అంటాడు.

పద్నాలుగు నెలల్లో ఒక్కసారైనా నా దగ్గర కూర్చుని "భవానీ, నాకు తాగాలనిపిత్తంది" అన్నాడా? నన్ను చూడగానే అడిగేది ఒక్కటే, కూరేటి అని.

ఈస్టర్ ఆరాధనలో, మందు ఎలా మానాడో మా ఆయనను సాక్ష్యం చెప్పమన్నారు. మైకు పట్టుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పాడు. పాస్టరుగారికి వందనాలు చెప్పాడు. "కుసుమం పిన్ని లేపోతే నాను ఈపాటికి సమాధుల తోటలో ఉందును" అన్నాడు. అందరూ హల్లెలూయా అన్నారు. నేనూ అన్నాను, పళ్లు కొరుక్కుంటూ. నా శుక్రవారాల ఊసే లేదు.

ఆ మంగళవారం ఆయన ఫోన్ ఇంట్లో మరిచిపోయి హార్బర్‌కి వెళ్లాడు. నేను దాన్ని తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టాను. ఫోన్ లేకపోతే ఎవరి దగ్గరికి వస్తాడు, నా దగ్గరికి రాక? నా బుద్ధి అంతవరకే పనిచేసింది.

ఆ రోజు ఏదో బోటుకు బాగా చేపలు పడ్డాయట. బోటు మీద పనిచేసే కళాసీలంతా హార్బర్‌లోనే సీసాలు తెరిచారట. మా ఆయన ఆ వాసన మోసుకుని ఇంటికొచ్చాడు. తలగడ కింద వెతికాడు, చొక్కా జేబులు వెతికాడు.

"నా ఫోన్ సూసావేటే?"

"నాకేటి తెలుసు?" అన్నాను, తోముతున్న చేప మీంచి తలెత్తకుండా.

ఇప్పుడు కూర్చుంటాడు, ఇప్పుడు నోరు విప్పుతాడు అనుకుంటున్నాను. ఆయన రెండు గ్లాసుల నీళ్లు తాగి బయటికి వెళ్లిపోయాడు.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఫోన్ లాగి, చేపల కంపు చేతులతోనే రోడ్డు మీదికి పరిగెత్తాను. వైన్ షాపుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల, కరెంటు స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. దగ్గరికి వెళితే వినపడింది. "ప్రభువా, ఈ ఒక్క పూట దాటించు. రేపటిది రేపడుగుతాను." అదే మాట మళ్లీ మళ్లీ.

ఫోన్ చేతిలో పెట్టాను. "నానే దాసినాను మావా."

"ఎందుకే?"

"నాకెందుకు సెప్పవు? తొమ్మిదేళ్లు పస్తులున్నదాన్ని నాను. సెప్పేది ఆవిడికా?"

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "నీకు సెప్తే నువ్వు భయపడిపోతావే. నీ మొఖంలో ఆ భయం సూత్తే నాకింకా తాగాలనిపిత్తాది. పిన్ని భయపడదు" అన్నాడు.

ఆ మాట గుండెలో దిగబడింది. ఆయన గట్టు మీద కూలబడి ఫోన్ చేశాడు. ఆయన మాట్లాడినంతసేపూ నేను షాపు కనపడకుండా అడ్డంగా నిలబడ్డాను. కాసేపటికి ఫోన్ నా వైపు చాపాడు. "నీతో మాటాడతాదంట."

పలకరింపు కూడా లేకుండా కక్కేశాను. "పిన్నీ, నాకు నువ్వంటే కుళ్లు. ఆ ఫోన్ దాసింది నానే."

వాక్యం చెబుతుందనుకున్నాను.

"నాకూ నువ్వంటే కుళ్లేనే భవానీ" అంది కుసుమమ్మ. "నా మొగుడు కోసం నానూ పన్నెండేళ్లు పస్తులున్నాను. ఆడు మాన్లేదు, పోయాడు. నీ మొగుడు ఫోన్ పెట్టేసే ముందర ప్రతిసారీ ఒక మాటంటాడు. ఇంటికెల్తన్నాను పిన్నీ, అని. ఆ మాట ఇన్నప్పుడల్లా నా కడుపు రగిలిపోద్ది. నా మొగుణ్ణి ఇంటికెందుకు పంపలేదయ్యా అని దేవుణ్ణి నిలదీత్తాను. నిలదీసి, ఆ నోటితోనే మల్లీ నీ మొగుడు కోసం ప్రార్థన సేత్తాను."