పల్లపు జాగాలో పరిచిన టైల్స్

నల్లగొండలో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు వీధి చివర ఒక పల్లపు జాగా ఉండేది. కాలనీ పార్కు కోసం వదిలిన స్థలమది. వాన పడితే అందులో మోకాలి లోతు నీళ్లు నిలిచి, నాలుగైదు రోజుల్లో ఇంకిపోయేవి. ఎండాకాలంలోనూ మా బోరు ఆగేది కాదు. తెలంగాణ వచ్చిన ఏడాది, ఎదురింట్లో మేకలు పెంచుకునే అవ్వా నేనూ ఆ పల్లం గట్టున కానుగ, వేప మొక్కలు నాటాం. తన మేకలే కొరకకుండా ఆమె కంప అడ్డం పెట్టింది. బడిలో పాఠాలు చెప్పి వచ్చి నేను బిందెలతో నీళ్లు పోసేదాన్ని. ఐదారేళ్లకు కూరగాయల బండ్లు ఆ నీడకే వచ్చి ఆగేవి.

అప్పుడు పార్కు మంజూరైంది. పల్లాన్ని మొరంతో నింపి టైల్స్ పరుస్తారట. ఆకులు రాలతాయని చెట్లు కొట్టేస్తారట. మూడుసార్లు మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. పల్లాన్ని అట్లాగే ఉంచి చుట్టూ చెట్లు పెంచితే అదే పార్కని కాగితం మీద గీసి చూపించాను. ఇంజనీరు మర్యాదగానే విన్నాడు.

"మేడం, నీళ్లు నిలిస్తే దోమలొస్తున్నయని మీ కాలనోళ్లే దరఖాస్తు వెట్టిన్రు. నేనేం జెయ్యాలె?" అన్నాడు.

ఆ దరఖాస్తులో మా ఆయన సంతకం కూడా ఉంది. అడిగితే, అందరూ పెడుతుంటే పెట్టానన్నాడు.

చివరికి ఒక్క వేప మిగిలింది. దాని మొదలు దాకా టైల్స్ బిగించారు. ఆ వానాకాలం నీళ్లు అవ్వ ఇంట్లోకి వచ్చాయి. ఎండాకాలానికి మా బోరు ఎండిపోయింది. పగలు ఆ పార్కులో చెప్పులేసుకుని నిలబడ్డా కాళ్లు కాలేవి. కాలనీ పెద్దాయన నీళ్ల ట్యాంకర్ కోసం సంతకాలకు వచ్చాడు. టైల్స్ తీయించమని కూడా రాయమంటే నవ్వాడు. నేనేం చేయను, నీళ్లు కావాలి కాబట్టి సంతకం పెట్టాను.

వేపాకులు అకాలంలో పండుబారుతుంటే అవ్వ గడ్డపారతో మా గుమ్మం ముందుకొచ్చింది.

"చెట్టు సచ్చినంక ఎవల్నడుగుతవు బిడ్డా? రా, పోదాం."

ఇద్దరం మొదలు చుట్టూ రెండు వరసల టైల్స్ పెకలించాం. మట్టి బూడిదలా ఉంది. వారంలో మున్సిపాలిటీ మనిషి వచ్చి మళ్లీ బిగించాడు. మళ్లీ తీశాం. ఈసారి ఎవరూ రాలేదు.

చెట్టు తేరుకుంది. చారెడు మట్టి కోసం అంత పోట్లాడాల్సి వచ్చిందన్న కోపం మాత్రం నాకింకా పోలేదు. మా వీధికి ఇప్పటికీ ట్యాంకరే దిక్కు.