సన్నబియ్యం గింజంత పేస్టు

ముందు మా సోఫా మీది ప్లాస్టిక్ కవరు గురించి చెప్పుకోవాలి. సోఫా వచ్చి మూడేళ్ళు దాటింది, కవరు ఇంకా పోలేదు. సూర్యాపేట ఎండలకు మే నెలలో దాని మీద కూర్చున్నవాళ్ళు దానికి అతుక్కుపోతారు. లేచేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు నాది కాదని చుట్టాల ముందు రెండుసార్లు వివరించాను. రెండుసార్లూ నమ్మలేదు. టీవీ రిమోటుకు కవరుంది. ఫ్రిజ్ తలుపు మీద నీలం పొర ఉంది. కారు సీట్లకు షోరూం వాళ్ళు తొడిగినవే ఉన్నాయి. ఎక్కడైనా మూల లేస్తే అటు పోతున్నవాళ్ళెవరైనా వేలితో ఒకసారి అదిమి పోతారు. చిన్నప్పటి నుంచి నాకూ అదే అలవాటు. ఒకసారి సోఫా కవరు తీసేద్దామన్నాను. "తీస్తే పాతదైతది," అంది మా అమ్మ. ఆ చర్చ అంతటితో ముగిసింది.

ఇక కంప్యూటరు సంగతి.

నేను సివిల్ ఇంజనీరింగ్ చదివాను. ఇళ్ళు కట్టను. కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో కంప్యూటర్లో బొమ్మ చేసి చూపిస్తాను. ఎలివేషన్ అంటారు. ఈమధ్య బొమ్మతో ఎవరూ సరిపెట్టుకోవడం లేదు, గేటులోంచి లోపలికి నడిచి వెళ్తున్నట్టు వీడియో కావాలంటున్నారు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు యజమానికి, వేములపల్లి దారిలో ఉన్న తమ స్థలంలో ఫంక్షన్ హాలు కట్టాలని ఉంది. స్థలం నలుగురు అన్నదమ్ములది, ఇతను పెద్దవాడు. నలుగురూ ఒక గదిలో కూర్చుని చాలా కాలమైందట. ఆదివారం పదకొండింటికి కూర్చోబోతున్నారు.

"మా తమ్ముండ్లు కాయితం జూసి ఒప్పుకునేటోళ్ళు గాదు ఇంజనీర్ సాబ్," అన్నాడు. "కండ్లకు గనవడాలె. వీడియో జూసిన్రంటే హాలు. లేకుంటే గోదాం కడ్తరు. గోదాముకు నీతోని పనేముంటది?"

ఏమీ ఉండదు. హాలయితే డ్రాయింగులతో పాటు దగ్గరుండి కట్టించే పని కూడా నాకే ఇస్తానన్నాడు. బొమ్మలు మాని నిజంగా ఒక కట్టడాన్ని నిలబెట్టే అవకాశం, చదువు ముగిసిన ఏడేళ్ళలో అదొక్కటే వచ్చింది.

నాలుగు నిమిషాల వీడియోకు కంప్యూటరు కొన్ని వేల బొమ్మలు ఒక్కొక్కటిగా తయారు చేసుకుంటూ పోవాలి. మామూలు వేగంతో మంగళవారానికి అవుతుంది. అందుకని ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగానికి మించి పరుగెత్తించాను. ఓవర్‌క్లాకింగ్ అంటారు. సెట్టింగుల్లో రెండు అంకెలు మార్చడమే పని. ఆ తర్వాత పుట్టే వేడిని ఏం చేసుకోవాలో ఆ అంకెలు చెప్పవు. గురువారం మధ్యాహ్నం వంద డిగ్రీలు చూపించి ఆగిపోయింది. బయట నలభై నాలుగు ఉంది కాబట్టి తప్పంతా దానిదే అనలేను.

ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. పెట్టాను. ఇరవై నిమిషాలకు మళ్ళీ ఆగింది. మళ్ళీ పెట్టాను. నీళ్ళు తాగుదామని వంటింట్లోకి వెళ్ళి, తాగకుండానే తిరిగొచ్చి అంకె చూశాను. మళ్ళీ వెళ్ళాను. నాలుగోసారికి మా ఆవిడ అడిగింది.

"జెరమెంతుంది?"

"తొంభై ఏడు."

"మరి దవాఖానకు తీస్కపోరాదు? దాని సుట్టు తిరిగితే తగ్గుతదా?"

సూర్యాపేటలో నాకు తెలిసిన షాపతను పెట్టె తెరిచి చూసి, ప్రాసెసర్‌తో పాటు వచ్చిన చిన్న ఫ్యాను దీనికి చాలదన్నాడు. పేస్టు కూడా ఎండిపోయిందన్నాడు. ప్రాసెసర్‌కూ దాని మీద కూర్చునే కూలర్ లోహానికీ మధ్య కంటికి కనపడని సందులుంటాయి. సందుల్లో గాలి ఉంటే వేడి పైకెక్కదు. గాలికి చోటు లేకుండా నింపేదే ఈ పేస్టు. అతని దగ్గర తెల్లటి డబ్బా ఒకటుంది. యాంప్లిఫయర్లకూ ఇన్వర్టర్లకూ అదే పూస్తాడట. మంచి కూలరూ మంచి పేస్టూ కావాలంటే కోదాడ పొమ్మన్నాడు.

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కాను. కోదాడ షాపు యజమాని మాట సగం విజయవాడ వైపు ఒరిగి ఉంటుంది. రెండు పెట్టెలు ముందు పెట్టాడు. ఒకటి గొట్టాల్లో నీళ్ళు తిరిగే రకం. ఇంకొకటి ఇటుకంత బరువున్న లోహపు రేకుల దొంతర, రెండు పక్కలా రెండు ఫ్యాన్లు.

"నీళ్ళది తీసుకోండి అన్నయ్యా. లైట్లు కూడా వెలుగుతాయి."

"కారితే?"

"కారదండి."

"ఒకవేళ కారితే?"

"కారితే మీకు తెలుస్తుంది కదండి."

ఇటుక తీసుకున్నాను. కారడం ఒక్కటే కారణం కాదు. మా డాబా మీది ట్యాంకు నీళ్ళతో మే నెల మధ్యాహ్నం కాళ్ళు కడుక్కున్నవాణ్ణి. నీళ్ళంటే చల్లగా ఉంటాయన్న నమ్మకం నాకు అంతగా లేదు.

పేస్టుల్లో మూడు రకాలు చూపించాడు. తెల్లది చవక. బూడిదరంగుది మంచిది. మూడోది ద్రవంలా ఉండే లోహం. అన్నిటికంటే బాగా పనిచేస్తుందట, చుక్క పక్కకు జారితే బోర్డు పోతుందట. బూడిదరంగు దగ్గర ఆగాను. ఎంత పెట్టాలని అడిగితే బియ్యపు గింజంత అన్నాడు.

"సన్నబియ్యమా, దొడ్డుబియ్యమా?"

అతను నవ్వలేదు. కాసేపు ఆలోచించాడు. "సన్నాలేనండి. దొడ్డువైతే పక్కలకి కారుద్ది."

ఆ మధ్యాహ్నమే బిగించాను. మా ఆవిడ ఫోన్ టార్చి పట్టుకుంది. కొత్త కూలర్ అడుగు అద్దంలా మెరుస్తోంది. దాని మీద ఎర్రగా ఏవో చిన్న అక్షరాలున్నాయి, కంపెనీ పేరు కాబోలనుకున్నాను. ఒక మూల కొంచెం లేచినట్టుంటే బొటనవేలితో అదిమాను. ప్రాసెసర్ మధ్యలో సన్నబియ్యం గింజంత పేస్టు పెట్టి, ఇటుకను దించి, నాలుగు స్క్రూలూ సమానంగా బిగించాను. పని చాలా శుభ్రంగా వచ్చింది. ఎనిమిది నిమిషాల్లో వంద డిగ్రీలకు చేరింది. పాత ఫ్యానుతో ఇరవై నిమిషాలు పట్టేది.

శనివారమంతా పేస్టును అనుమానించాను. తుడిచి మళ్ళీ గింజంత పెట్టాను. తుడిచి అడ్డంగా నిలువుగా రెండు గీతలు పెట్టాను. తుడిచి పాత ఏటీఎం కార్డుతో పలచగా పూశాను. తుడిచిన ప్రతిసారీ కూలర్ అడుగును స్పిరిట్‌తో మెరిసేదాకా తుడిచాను. కోదాడకు ఫోన్ చేశాను.

"గట్టిగా బిగించారా అన్నయ్యా?"

"బిగించాను."

"మరీ గట్టిగా బిగించారా?"

ఆ ప్రశ్నతో ఇంకో గంట పోయింది. వదులు చేసి చూశాను, బిగించి చూశాను. పెంచిన వేగాన్ని కొంచెం తగ్గిస్తే ఆగకుండా నడుస్తోంది, కానీ ఆదివారం వీడియో సోమవారానికి జరుగుతోంది. మళ్ళీ పెంచాను. మళ్ళీ బస్సెక్కి కోదాడ వెళ్ళి ఇంకా మంచిదన్న పేస్టు తెచ్చాను. అదీ పూశాను.

"మన పెండ్లిల నాకు పసుపు గూడ గిన్నిసార్లు వుయ్యలే," అంది మా ఆవిడ.

సాయంత్రం మిల్లు యజమాని ఫోన్ చేశాడు. సగం దాటిందని చెప్పాను.

"సగం జూపిస్తె మావోళ్ళు సగం హాలే కడ్తరు," అన్నాడు.

ఆదివారం పొద్దుటికి యాభై ఎనిమిది శాతం అయింది. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే అంకె చూడాలనిపిస్తోంది. ఒక ఆలోచన వచ్చింది. మిల్లు ఆఫీసులో ఏసీ ఉంది. పద్దెనిమిది డిగ్రీల గదిలో ఏ యంత్రమైనా బుద్ధిగా ఉంటుంది. కంప్యూటరును కారు ముందు సీట్లో పెట్టాను. మా ఆవిడ కిటికీ దగ్గరకొచ్చి, "పేషెంటుకు బెల్టు వెట్టు," అంది. పెట్టాను.

మిర్యాలగూడ చేరేసరికి నలుగురు అన్నదమ్ములూ ఆఫీసులో నాలుగు మూలలా కూర్చుని ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవలసిన అవసరం లేకుండా అందరూ నా పెట్టెను చూశారు. కరెంటు పెట్టెకు పొడుగు వైరు తగిలించడానికి మిల్లు ఫిట్టర్ వచ్చాడు. మోటార్లకూ బేరింగులకూ గ్రీజు పెట్టే మనిషి. వైరు తగిలించాక వెళ్ళకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఏసీ మోగుతోంది. నేను మొదలుపెట్టాను. తొమ్మిది నిమిషాలకు తెర నల్లబడింది.

"ఏమైంది?" అన్నాడు పెద్దాయన.

"వేడెక్కింది అన్నా."

"గీ సలిలనా?"

ఫిట్టర్ ముందుకొచ్చాడు. "ఇప్పి సూద్దాం సార్."

విప్పాను. కూలర్‌ను తిరగేసి అతని చేతిలో పెట్టాను. పేస్టు పూత చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. తర్వాత అంచు దగ్గర గోరు పెట్టి గీకాడు. మూల లేచింది. పట్టుకుని లాగితే అడుగంతా పారదర్శకమైన ఒక పొర ఊడి వచ్చింది. పేస్టు కింద ఆ ఎర్ర అక్షరాలు కనపడుతున్నాయి. కంపెనీ పేరు కాదు. వాడే ముందు తీసేయమని రాసి ఉంది.

"గ్రీజు మంచిగనే వెట్టిన్రు సార్," అన్నాడు ఫిట్టర్. "కవర్ మీద వెట్టిన్రు."

నేను ఇంజనీరును. ప్లాస్టిక్ వేడిని ఆపుతుందని నాకు తెలుసు, పరీక్షలో కూడా రాశాను. కానీ మూల లేస్తే అదిమిన బొటనవేలు ఏ పరీక్షా రాయలేదు. తుడిచి, సన్నబియ్యం గింజంత పెట్టి, బిగించి, మొదలుపెట్టాను. అరవై ఆరు డిగ్రీలు. పది నిమిషాలు చూశాను. అరవై ఆరే. తెర మీద యాభై తొమ్మిది శాతం అయింది, కాసేపటికి అరవై.

"సాయంత్రందాక అయితది అన్నా," అన్నాను.

"అయితే బువ్వ తిని కూసుందాం. హాలు జూసే పోతరు అందరు," అని పెద్దాయన తమ్ముళ్ళ వైపు తిరిగాడు. ఇద్దరు తలూపారు.

నడిమి తమ్ముడు ఊపలేదు. బల్ల మీద చుట్టుకుపోయి ఉన్న ఆ పొరను మూల పట్టుకుని ఎత్తి, కిటికీ వెలుతురుకు అడ్డం పెట్టి, దానిలోంచి నన్ను చూశాడు. నా వైపు వంగినప్పుడు కుర్చీ కవరు చప్పుడు చేసింది. అది ఎవరి చప్పుడని ఎవరూ అడగలేదు.

"గింత కవర్ గనవడలే నీకు," అన్నాడు. "రేపు పిల్లర్ వంకర వోతె గనవడ్తదా?"