బావ తీసేసిన తెలుగు ట్రాకు

మా బావకి తన తెలివి మీద ఉన్నంత నమ్మకం ఇంకెవరి మీదా లేదు. మలేషియాలో, క్లాంగ్‌లోని ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కంప్యూటర్ ముందు కూర్చున్నాడంటే మనమంతా ఏమీ తెలియని అమాయకులం. అడక్కుండానే సలహా ఇస్తాడు, వద్దన్నా ఇంకోటి ఇస్తాడు.

వాళ్లమ్మ, అంటే మా మేనత్త, సుంగై సుమున్ అనే ఊళ్లో ఉంటుంది. ఆదివారం భోజనాలయ్యాక మనవల్ని హాల్లో చాప మీద కూర్చోబెట్టి తెలుగు సినిమా వేస్తుంది. దానికో పద్ధతి ఉంది. మాట అర్థంకాకపోతే సినిమా ఆపించి అడగొచ్చు, కానీ తెలుగులోనే అడగాలి. తమిళంలో అడిగితే అత్తకి చెవుడు వచ్చేస్తుంది. బళ్లో మలయ్, వీధిలో తమిళం మాట్లాడే పిల్లల నోట తెలుగు పలికించడానికి ఆవిడకి మిగిలిన దారి అదొక్కటే. అదీ పోతే ఆ ఇంట్లో తెలుగు తనతోనే ఆగిపోతుందని ఆవిడ భయం.

పాత డిస్కులు గీతలు పడి మధ్యలో ఆగిపోతున్నాయి. పెన్‌డ్రైవ్‌లో ఉన్న సినిమాలు డిస్కులకి ఎక్కించమని బావకి ఇచ్చింది. ప్రతి ఫైల్లోనూ రెండు ఆడియో ట్రాకులున్నాయి, తెలుగూ, తమిళ డబ్బింగూ. మహానుభావుడు తమిళం ఉంచి తెలుగు తీసేశాడు. అది చాలదన్నట్టు మలయ్ సబ్‌టైటిళ్లు రిమోట్‌తో కూడా పోకుండా బొమ్మలోనే కలిపేశాడు.

ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. అత్త రిమోట్ నొక్కి నొక్కి చూసింది. పిల్లలు బుద్ధిగా కింద అక్షరాలు చదువుకుంటున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

"తెలుగు ఏదిరా?" అంది అత్త.

పిల్లలకి తెలుగు ఎక్కడ అర్థమౌతుంది, అందుకే అందరికీ వచ్చిన భాష పెట్టానన్నాడు బావ. అదీ తమిళంలోనే. దండ వేయించుకోవడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"తెలీకపోతే నన్నడుగుతారు. అడగాలనే గదరా ఏస్తన్నాను," అంది అత్త.

ఎందుకంత తిప్పలు అని బావ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అత్త టీవీ కట్టేసింది. పెన్‌డ్రైవ్ నేను తీసుకెళ్లాను. తెలుగు ట్రాకు దగ్గర టిక్కు పెట్టడం, సబ్‌టైటిళ్ల గడి ఖాళీగా వదిలేయడం, అంతే పని. దానికి సూపర్‌వైజరు అక్కర్లేదు.

మళ్లీ ఆదివారం నేను ఎక్కించిన డిస్కు వేశాం. బావ కూడా వచ్చాడు, నా పనిలో తప్పులు పట్టడానికి. హాస్యం సీను వచ్చింది.

"మామ్మా, ఏటన్నాడు?" అంది బావ కూతురు.

అత్త ఆపి, దాని చెవిలో చెప్పింది. అది పక్కవాళ్ల చెవుల్లో వేసింది. పిల్లలంతా చాప మీద పడి నవ్వారు. బావ అటూ ఇటూ చూశాడు. సినిమాలో అంత వేగంగా మాట్లాడే తెలుగు ఆయనకి ఒక్క ముక్కా అందలేదు. చదువుకుందామంటే కింద అక్షరాలూ లేవు. చివరికి ఏమన్నాడని వాళ్లమ్మని తమిళంలో అడిగాడు.

అత్తకి చెవుడు వచ్చేసింది.

"తెలుగులో అడుగు లా, నాన్నా," అంది కూతురు, మలేషియా వాళ్లందరిలాగే మాటకో 'లా' తగిలించి.

బావ గొంతు సవరించుకున్నాడు.

"ఏటి... ఏటన్నాడమ్మా?"

అత్త రిమోట్ పక్కన పెట్టి, కొడుకు వైపు తిరిగి, నిదానంగా మొదట్నించీ చెప్పింది.