లుండ్‌బీ రన్‌వేకి వచ్చిన నల్ల కారు

మా అమ్మమ్మ అర్డిస్ ట్వెట్ జన్మలో విమానం ఎక్కలేదు. స్టూలెక్కి బల్బు మార్చమన్నా ఆవిడకి కళ్ళు తిరుగుతాయి. అలాంటి మనిషి అమెరికాలో లుండ్‌బీ అనే చిన్న ఊరి విమానాశ్రయానికి మేనేజరు. ఆ ఉద్యోగం ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు. సెల్మర్ తాత ఉన్నన్నాళ్ళూ రన్‌వే మీద గడ్డి ఆయనే కోసేవాడు. ఆయన పోయాక గడ్డి యంత్రం తాళాలు అమ్మమ్మ ఏప్రన్ జేబులో ఉండిపోయాయి. తిరిగి ఇమ్మని అడగడానికి ఊరివాళ్ళకి మొహమాటం. దాంతో ఆవిడే మేనేజరైపోయింది.

విమానాశ్రయం అంటే పెద్దగా ఊహించుకోకండి. మొక్కజొన్న చేల మధ్య ఒక పొడుగాటి గడ్డి పట్టీ, గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం, ఒక పెట్రోలు పంపు, రేకుల షెడ్డు, దాన్ని ఆనుకుని రెండు గదుల ఇల్లు. ఇల్లు ఊరి ఆస్తి. రన్‌వే ఉన్నంతకాలమే అది అమ్మమ్మది.

ఆ ఏడు మంచు కరిగాక ఊరి కౌన్సిల్ పెద్ద డ్వేన్ ఓపెగార్డ్ వచ్చాడు. గుమ్మంలో నిలబడి, టోపీ చేతుల్లో తిప్పుతూ చాలాసేపు వానల గురించి మాట్లాడాడు. వెళ్ళొస్తానన్నాడు. మెట్లు దిగాడు. మళ్ళీ ఎక్కాడు.

"అన్నట్టు అర్డిస్, ఈ నేలలో సోయా వేస్తే ఎలా ఉంటుందని కౌన్సిల్లో ఒక మాటొచ్చింది."

"ఎవరన్నారా మాట?"

"నేనే అన్నాలే."

"మరి విమానాలో?"

"ఏ విమానాలు? పోయినేడాది దిగినవే అరా కొరా. అందులో ఒకాయన దారి తప్పి దిగాడు. కోతలయ్యాక జరిగే కౌన్సిల్ మీటింగు దాకా చూద్దాం. బయటినుంచి పైలట్లు వస్తూ పోతూ ఉంటే సరే. లేదంటే నువ్వు హాయిగా వెళ్ళి బోర్గిల్డ్ దగ్గర ఉండొచ్చు. తనూ ఒక్కతే కదా."

అమ్మమ్మని బెదరగొట్టింది ఆ చివరి మాటే. బోర్గిల్డ్ ఆవిడ చెల్లెలు. అక్కాచెల్లెళ్ళు ఒకే కప్పు కింద ఉన్న చివరి వేసవిలో ఒక గరిటె దగ్గర మాటా మాటా వచ్చి, ఇద్దరి పెళ్ళిళ్ళూ అయ్యేదాకా పలకరించుకోలేదు. బోర్గిల్డ్ చిన్నమ్మమ్మ ఇంట్లో తెల్ల తివాచీ ఉంటుంది, ప్రతి సాయంత్రం పేకాట ఉంటుంది, ఆ పేకాటలో మోసం ఉంటుంది.

కాబట్టి పైలట్లని రప్పించాలి. ఇంటికి చుట్టాలొస్తే ఏం చేస్తామో అదే చేద్దామనుకుంది అమ్మమ్మ. షెడ్డులో బాత్రూమ్‌లో కుట్టుపని చేసిన తువ్వాలు వేలాడదీసింది. దానికి ఎవరూ చేతులు తుడుచుకోకుండా పక్కన ఇంకో తువ్వాలు పెట్టింది. బంగాళాదుంపల లెఫ్సె రొట్టెలు కాల్చింది. రేడియో ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

పైనుంచి వెళ్ళే పైలట్ ఎవరైనా గాలి సంగతి అడిగితే చెప్పడం ఆ రేడియో పని. అమ్మమ్మ చెప్పేది. "గాలి పడమటి నుంచి నాయనా, మెల్లగానే ఉంది. రొట్టెలు వేడిగా ఉన్నాయి. స్వెట్టర్ తెచ్చుకున్నావా? మీ అమ్మగారు కులాసానా?" అవతల కాసేపు గరగర. తర్వాత విమానం మబ్బుల్లోకి వెళ్ళిపోయేది.

చివరికి ఒకాయన దిగాడు. ఒమాహాలో మందుల షాపు ఆయన, పేరు గార్త్ వానెక్. బాత్రూమ్ అర్జెంటై దిగానని తర్వాత ఒప్పుకున్నాడు. వరసగా రొట్టెలు లాగించి అడిగాడు.

"కారేదమ్మా?"

"ఎవరి కారు?"

"ఎవరిదో ఒకటి. ఇలాంటి చిన్న రన్‌వేల దగ్గర ఒక పాత కారు పడేసి ఉంచుతారు, తాళం కూడా దానికే ఉంటుంది. దిగినవాళ్ళం ఊళ్ళోకెళ్ళి భోంచేసి, పెట్రోలు పోసి మళ్ళీ పెట్టేస్తాం. కారు లేనిచోట దిగి ఏం చేయమంటారు? మొక్కజొన్న చూడమంటారా?"

"మొక్కజొన్న బాగానే ఉంది కదా," అంది అమ్మమ్మ కొంచెం నొచ్చుకుని. కానీ సంగతి మనసులో పడింది.

ఊళ్ళో ఖాళీగా ఉన్న కారు ఒక్కటే. అంత్యక్రియలు చేయించే మెల్విన్ క్రోగ్ కొత్తగా బూడిదరంగు శవాల బండి కొన్నాడు. పాతది, ఊరందర్నీ మోసిన నల్లది, వెనక షెడ్డులో ఉంది.

"తీసుకెళ్ళు అర్డిస్," అన్నాడు మెల్విన్. "ఇంజను బంగారం. ఎప్పుడూ జోరుగా నడపలేదు. వెనక కూర్చున్నవాళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదు."

"వెనక పడుకున్నవాళ్ళు అను."

"అదేలే. రంగు మాత్రం మార్చకు. మీ ఆయన కూడా అందులోనే వెళ్ళాడు."

అమ్మమ్మ దాన్ని కడిగింది, తుడిచింది, నిమ్మకాయ వాసన వచ్చే కాగితం చెట్టు అద్దానికి కట్టింది, వెనక రెండు దిండ్లు వేసింది. 'మా ఊరొచ్చిన పైలట్లకి, మొహమాటపడొద్దు' అని అట్టముక్క మీద రాసి స్టీరింగు పక్కన పెట్టింది. అది లోపల కూర్చున్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ కనపడదు. ఇంకో చిన్న సంగతి ఆవిడకి తెలియదు. శవయాత్రలో బండ్లన్నీ పట్టపగలే లైట్లు వేసుకుని వెళ్ళడం అక్కడి ఆచారం కాబట్టి, అది మర్చిపోకుండా మెల్విన్ దానికి వైరు మార్పించాడు. తాళం తిప్పితే చాలు, పట్టపగలైనా ముందు దీపాలు వెలుగుతాయి.

తర్వాతి శనివారం గార్త్ భార్యని వెంటేసుకుని మళ్ళీ దిగాడు. నల్ల కారు చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆవిడ ఎక్కి కూర్చుంది. ఇద్దరూ ఊళ్ళోకి బయల్దేరారు.

లైట్లు వెలుగుతూ మెల్విన్ కారు వస్తుంటే లుండ్‌బీలో ఎవరైనా చేసేది ఒక్కటే. ఎదురొచ్చిన ట్రాక్టర్లు, పికప్పులు రోడ్డు దిగి ఆగాయి. మగవాళ్ళు టోపీలు తీశారు. గార్త్ భార్య వాళ్ళందరికీ చెయ్యి ఊపింది. పాపం, దుఃఖంలో ఉండి కూడా ఎంత నిబ్బరం అనుకున్నారు వాళ్ళు. తర్వాత చూస్తే కారు వెనక ఒక్క బండీ లేదు. పోయిన మనిషిని అలా ఒంటరిగా పంపిస్తారా ఎవరైనా? దాంతో ఆగినవాళ్ళంతా లైట్లు వేసుకుని వెనకే కదిలారు. ఊరేగింపు తిన్నగా వెళ్ళి హోటలు ముందు ఆగింది. గార్త్ దంపతులు లోపలికెళ్ళి చేపల వేపుడు తిన్నారు. బయట బండ్లలో జనం తలలు వంచుకుని కూర్చున్నారు.

ఎవరు పోయారు అని ఒక్కరూ అడగలేదు. ఎలా అడుగుతారు? పక్కవాడికి తెలిసి, తనకి తెలియదంటే, పోయిన మనిషిని తను పట్టించుకోలేదనేగా అర్థం. అందుకని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, తెలిసినట్టే తలలాడించారు.

"పాపం," అన్నాడు డ్వేన్.

"ఆ. ఊహించలేదు," అన్నాడు పక్కవాడు.

"వయసైతే ఉందిలే."

"ఆ, వయసుంది."

కారు తిరిగి రన్‌వే వైపు వెళ్ళడం అందరూ చూశారు. అక్కడుండేది అర్డిస్ ఒక్కతే, అంటే పోయింది ఆవిడే. సాయంత్రానికి ఊరు ఊరంతా ఓవెన్లు వెలిగించింది. మాంసం, బంగాళాదుంపలు, డబ్బా సూపు కలిపి కాల్చే హాట్‌డిష్ లేకుండా మా ఊళ్ళో ఎవరి చావూ పూర్తి కాదు. గిన్నెలు గుడ్డల్లో చుట్టుకుని బయల్దేరారు. తలుపు అర్డిస్ తీసింది.

డ్వేన్ భార్య లావోన్ గుమ్మంలో రాయిలా నిలబడిపోయింది. కానీ ఆవిడా లుండ్‌బీ మనిషే. "నువ్వు పోలేదా" అనలేదు.

"ఊరికే తెచ్చాను," అంది.

"ఇప్పుడెందుకివన్నీ," అంది అమ్మమ్మ.

"ఏం లేదులే, మిగిలింది."

వేడి వేడిగా పొగలు కక్కుతున్న గిన్నె మిగిలిందెలా అవుతుందని అమ్మమ్మ అడగలేదు. తెచ్చినవాళ్ళని ఎందుకు తెచ్చారని అడగడం ఏం మర్యాద? రన్‌వేని నిలబెట్టడానికి ఊరు కదిలిందని అనుకుని, గిన్నెలన్నీ షెడ్డులో బల్ల మీద వరసగా పేర్చి, గార్త్ దంపతులకి వడ్డించి, రేడియోలో వివరాలతో సహా చెప్పింది.

ఇంక చూడండి. గార్త్ వెళ్ళి ఊరుకున్నాడా? ఏ రన్‌వే మీద దిగితే అక్కడ కథలు చెప్పాడు. లుండ్‌బీలో పొడుగాటి కారు ఇస్తారట. దారి పొడుగునా జనం టోపీలు తీసి దండం పెడతారట. తిరిగొచ్చేసరికి బల్ల నిండా వేడి వంటలట. శనివారం వచ్చిందంటే ఆకాశంలో విమానాలు వరస కట్టాయి. టెక్సస్ నుంచి కూడా ఒకాయన దిగి, లావోన్ హాట్‌డిష్ మూడుసార్లు వడ్డించుకుని, ఇలాంటిది జీవితంలో తినలేదని ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పాడు. లావోన్ ఎర్రగా కందిపోయి ఇంటికెళ్ళి ఇంకోటి పెట్టింది.

వారానికో చావు చొప్పున ఊరు దుఃఖంలో మునిగింది. ఎవరింటికి పంపాలో తెలియక గిన్నెలన్నీ కారు తిరిగెళ్ళే రన్‌వేకే చేర్చింది. లూథరన్ పాస్టర్ గారికి నిద్ర కరువైంది. ఇంతమంది పోతుంటే ఒక్కరి అంత్యక్రియలకీ తనని పిలవలేదు. తన ప్రసంగాలు నచ్చక అందరూ ఆఖరి నిమిషంలో కేథలిక్కుల్లో కలిసిపోతున్నారని ఆయన అనుమానం. ప్రసంగాలు సగానికి తగ్గించేశారు. ఊరు ఊపిరి పీల్చుకుంది, కారణం మాత్రం అడగలేదు.

మీటింగు ముందు రోజు మెల్విన్ వచ్చి అమ్మమ్మ వంటగదిలో కూర్చున్నాడు. కాఫీ తాగాడు. రెండో కప్పూ తాగాడు.

"అర్డిస్, జనం నన్ను అదోలా చూస్తున్నారు. వేసవంతా నేనొక్కరినీ పాతిపెట్టలేదు. మరి ఎవర్ని పాతిపెట్టినట్టు?"

"ఏమంటున్నావు నువ్వు?"

అప్పుడు లైట్ల సంగతి చెప్పాడు. అమ్మమ్మ కడిగి పెట్టిన గిన్నెల వంక చూసింది.

"అయితే ఆ గిన్నెలన్నీ..."

"శవాలకి వచ్చినవే."

"నాకోసం అనుకున్నా."

"మొదటిది నీకోసమేలే," అన్నాడు మెల్విన్ ఓదార్పుగా.

మర్నాడు మీటింగు చర్చి కింది గదిలో. అమ్మమ్మ వెనక బెంచీలో కూర్చుంది. డ్వేన్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"రన్‌వే దున్నాలని అనుకున్నాం. కానీ మన ఊరికి ఇంత కష్టం వచ్చిన ఏడాదిలో, అదీ శవాలు తిరిగిన నేలని దున్నడం బాగుండదేమో. ఉండనిద్దాం."

అందరూ తలలూపారు. అమ్మమ్మ నోరు మూసుకుని ఉంటే చాలు, ఇల్లు నిలుస్తుంది. ఆవిడ ఏప్రన్ జేబులో తాళాలు గట్టిగా పట్టుకుంది. వదిలేసింది. లేచి నిలబడింది.

"ఎవరూ పోలేదు," అంది. "ఆ కారులో తిరిగింది పైలట్లు. చేపల వేపుడు తినడానికి వెళ్ళారు. లైట్లు వాటంతటవే వెలుగుతాయి. మీ వంటలన్నీ వాళ్ళకే పెట్టాను. క్షమించాలి."

పాస్టర్ గారు ఊరటగా కళ్ళు తుడుచుకున్నారు.

డ్వేన్ చాలాసేపు లెక్కేసుకున్నాడు. "అంటే, పైలట్లు వస్తున్నది వంటల కోసం. వంటలొచ్చింది చావుల కోసం. చావులే లేవు కాబట్టి ఇక వంటలుండవు, వాళ్ళూ రారు. అయితే సోయా వేయొచ్చు."

"కూర్చో డ్వేన్," అంది లావోన్. "చచ్చినవాళ్ళకే వండాలని రూలేమన్నా ఉందా? పెళ్ళయినప్పట్నుంచీ నీకు వండుతున్నా. ఒక్కసారైనా ఏమన్నా అన్నావా?"

"పర్లేదంటాగా."

"ఆ టెక్సస్ ఆయన కళ్ళు మూసుకుని తిన్నాడు."

ఆ మాటకి ఆడవాళ్ళందరిలో కదలిక వచ్చింది. తమ గిన్నె ఎవరు ఖాళీ చేశారో, ఏమన్నారో తలా ఒకటి గుర్తు చేసుకున్నారు. డ్వేన్ కంగారుపడి ఓటింగన్నాడు. రన్‌వే ఉండాలనేవాళ్ళు చేతులెత్తమన్నాడు.

అందరికంటే ముందు లేచిన చెయ్యి బోర్గిల్డ్‌ది. మోచెయ్యి కూడా వంచకుండా తిన్నగా ఎత్తింది. తర్వాత లావోన్, తర్వాత మిగతా అందరూ. పాస్టర్ గారికి ఓటు లేదు, అయినా ఎత్తారు. డ్వేన్ భార్య వంక చూసి తనూ ఎత్తేశాడు.

బయట మెట్ల మీద అమ్మమ్మ చెల్లెల్ని ఆపింది.

"బోర్గిల్డ్, అందరికంటే ముందు నువ్వే ఎత్తావు. నామీద ఇంత ప్రేముందని నాకు తెలియదే."

"ఏం ప్రేమ?" అంది బోర్గిల్డ్. "డ్వేన్ సోయా మాటెత్తిన రోజు నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. నువ్వు బూట్లతో నా తివాచీ మీద తిరుగుతున్నట్టు, తెల్లారకముందే నా వంటింట్లో రేడియో పెట్టి ఎవడినో స్వెట్టర్ వేసుకోమంటున్నట్టు కలలు. ఆ గది ఖాళీ కూడా చేశాను, ఏడుస్తూ."

"నేనూ ఏడుస్తూనే పెట్టె సర్దుకున్నాను," అంది అమ్మమ్మ.

ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. ఇన్నేళ్ళలో ఒకే విషయం మీద ఇద్దరికీ ఇంతగా కుదరడం అదే మొదటిసారి.

"ఆదివారం భోజనానికి రావే," అంది బోర్గిల్డ్, స్కార్ఫు కట్టుకుంటూ. "తిని వెళ్ళిపో."

"వెళ్ళిపోతాలే," అంది అమ్మమ్మ.