మొలలంటే కుందేళ్ళు కావు

ఇవాళ పొద్దున కంద కోస్తుంటే అరచేతులు దురద పెట్టాయి. చింతపండు రసం రాసుకున్నా తగ్గలేదు. ఈ దురద మొదలైతే చాలు, హంపమ్మ మిస్ టిఫిన్ డబ్బా గుర్తొస్తుంది. వారంలో నాలుగు రోజులు అందులో కందే ఉండేది. వేపుడో, పులుసో, పెరుగు పచ్చడో. ఇంత కంద ఎందుకు తింటారని అడిగితే "కంద తింటే మనిషి గట్టిగా నిలబడతాడమ్మా" అనేవారు. అందులో వేళాకోళం ఉందని అప్పట్లో నాకు తట్టలేదు.

బళ్ళారి కంటోన్మెంటులో మా ఆడపిల్లల హైస్కూలుకు ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. లెక్కలు చెప్పేవారు. సండూరు నుంచి సిరుగుప్ప దాకా ఏ బడిలో వార్షికోత్సవం జరిగినా హంపమ్మ మిస్ రావాల్సిందే. ఇంత పేరు రావడానికి లెక్కలు సగం కారణమైతే, ఆవిడ కూర్చోకపోవడం మిగతా సగం. క్లాసులో కూర్చోరు, ఆఫీసు గదిలో కూర్చోరు, వేదిక మీద కూడా కుర్చీ వెనక నిలబడి దాని వీపు మీద చేతులు పెట్టుకునేవారు. పిల్లలకు చదువు చెప్పినన్నాళ్ళూ కూర్చోనని వ్రతం పట్టిందని ఊళ్ళో చెప్పుకునేవారు. పేపర్లోనూ వేశారు. నేనూ నమ్మాను. కొత్తగా చేరిన రోజుల్లో పిక్కలు లాగేస్తున్నా కుర్చీ వైపు చూడటానికి సిగ్గుపడేదాన్ని.

నాది గుంతకల్లు వైపు. పెళ్ళయ్యాక బళ్ళారి వచ్చాను. స్కూల్లో ఇంగ్లీషు మీడియం పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని కాబట్టి కన్నడం అరకొరగా వచ్చినా రోజులు గడిచిపోయేవి. రెండో కాన్పు తర్వాత నాకు విరేచనంలో రక్తం పడటం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. బస్టాండు గోడల మీద పైల్స్, ఫిస్టులా అని రాసి ఉండేవి కానీ అవి ఖనిజం లారీలు తోలేవాళ్ళ జబ్బులని, నాలాంటివాళ్ళకు రాకూడదని ఏదో మొండి నమ్మకం. తింటే కదా బాధ, తినకపోతే పోయె అనుకున్నాను. అలా ఒక చపాతీతో రోజు గడుపుతూ, రెండేళ్ళకు స్టాఫ్ రూములో కళ్ళు తిరిగి పడ్డాను.

లేచేసరికి గదిలో హంపమ్మ మిస్ ఒక్కరే ఉన్నారు. తలుపు దగ్గరికి వేసి వచ్చి, "సూదుల మీద కూర్చున్నట్టు కూర్చుంటాండావు, నెలనుంచి చూస్తాండా. యాడ నొప్పి?" అన్నారు.

నేను లేచి కూర్చోబోయి మళ్ళీ పక్కకు ఒరిగాను.

"ఎనకపక్కేనా?"

తల ఊపాను. ఏడుపొచ్చింది.

"ఏడ్సొద్దు. నాకు ఇరవై ఏండ్లనుంచి ఉండాది. నేనెందుకు నిలబడతాననుకున్యావు? అంత కంద ఎందుకు తింటాననుకున్యావు?"

ఒక్క నిమిషం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక, నిజం చెప్పాలంటే, కోపం వచ్చింది. ఆ వ్రతాన్ని చూసి నేను ఎన్ని గంటలు నిలబడ్డానో నాకు తెలుసు.

మర్నాడు ఆవిడే నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ అమ్మాయి మైసూరు వైపు నుంచి కొత్తగా వచ్చింది, తెలుగు ముక్క రాదు. ఏమిటి బాధ అని అడిగింది. బిడియంతో "మొల..." అని సగంలో మింగేసి, వచ్చిన కన్నడంలో "రక్త బర్తా ఇదె" అన్నాను, రక్తం వస్తోందని.

"మొల కచ్చితా?" అంది డాక్టరమ్మ.

ఖచ్చితంగా మొలలేనా అని అడుగుతోందనుకుని గట్టిగా తల ఊపాను.

"ఎష్టు దిన ఆయ్తు?"

ఎన్నాళ్ళయిందనే మాట నాకు తెలుసు. "ఎరడు వర్ష" అన్నాను, రెండేళ్ళని.

డాక్టరమ్మ కలం కింద పెట్టి నావైపు అదోలా చూసింది. గోడ దగ్గర నిలబడ్డ హంపమ్మ మిస్ భుజాలు కదిలిపోతున్నాయి. కళ్ళు తుడుచుకుంటూ, "డాక్టరే, ఆ మొల అల్ల. మూలవ్యాధి" అని, అది కాదు మొలల జబ్బని చెప్పి నావైపు తిరిగారు. "కన్నడంలో మొల అంటే కుందేలమ్మా. కుందేలు కరిసిందా అని అడిగితే అవునంటివి. రెండేండ్లనుంచి కరిసిన చోట రక్తం కారుతాందని చెప్తివి."

ముగ్గురం పడీపడీ నవ్వాం. ఆ జబ్బు వచ్చాక దాని గురించి నేను నవ్వింది అదే మొదటిసారి. తర్వాత పరీక్ష జరిగింది. ఒంట్లో రక్తం బాగా తగ్గిందనీ, మందులతో పోయే దశ దాటిందనీ, ఆపరేషన్ ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది.

నేను ఆలస్యమే చేశాను. "కుందేళ్ళు ఎట్లుండాయి?" అని మిస్ నలుగురిలోనూ అడిగేవారు. మిగతావాళ్ళు మా ఇంట్లో నిజంగానే పెంచుతున్నామనుకున్నారు. రెండు నెలలయ్యాక ఆవిడ ఓపిక అయిపోయింది.

"సచ్చిపోవాలనుకుంటాండావా ఏంది?"

"ఇంట్లో అత్తకు ఏమని చెప్పేది మిస్?"

"ఉండేది ఉండేట్టు చెప్పు."

"మీరు చెప్పారా?"

నోరు జారాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. అక్కణ్ణుంచి వెళ్ళిపోయారు. మర్నాడు ప్రార్థన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "నిన్న నువ్వడిగింది న్యాయమే. ఊరు నాకొక కత కట్టిచ్చె. బాగుండాది కదా అని దాంట్లో దాక్కున్యా. ఆపరేషన్ అంటే నాకూ సిగ్గేనమ్మా" అన్నారు. అంత పెద్ద మనిషి నాతో అలా చెప్పడంతో నాకు తలకొట్టేసినట్టయింది.

ఆ మరుసటి నెల, ముప్పై ఏళ్ళ సర్వీసు నిండినందుకు పాత విద్యార్థులు ఆవిడ సొంతూరు సిరుగుప్పలో సన్మానం పెట్టారు. మా అత్తది కూడా ఆ ఊరే. హంపమ్మను చూడాలని నాతో వచ్చి పక్కన కూర్చుంది. వక్తలందరూ వ్రతం గురించే చెప్పారు. చివరికి సభ నడిపే ఆయన వెల్వెట్ దిండు వేసిన కుర్చీ తెచ్చి, ఈ ఒక్కరోజైనా వ్రతం విడిచి కూర్చోవాలని దండం పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

మిస్ మైకు అందుకున్నారు. "కుర్చీ వద్దప్పా. నాకు వ్రతం లేదు, గిత్రం లేదు. నాకు మొలలు." అదే మాట కన్నడంలోనూ చెప్పారు. "నన్నగె మూలవ్యాధి."

చప్పట్లు ఆగిపోయాయి. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నవ్వప్పా, నవ్వితే మంచిదే. నవ్వినాక ఇంటికి పోయి మీ ఆడోళ్ళను అడుగు. పేరున్నోళ్ళకు గుండెనొప్పొస్తే పేపర్లో గుండెనొప్పి అని ఏస్తారు. ఇదొస్తే మాత్రం అనారోగ్యం అని ఏస్తారు. ఈ సీమలో గుర్రాల మీద, ఏనుగుల మీద తిరిగిన రాజులకు ఇది రాకుండా ఉండిందంటారా? శాసనంలో చెక్కిచ్చలేదు, అంతే. నేనూ అట్లే దాచిపెట్టినా. మీరు చప్పట్లు కొడతాంటే ఇంకా బాగా దాచిపెట్టినా. అది తప్పు. సోమవారం ఆపరేషన్ చేపిచ్చుకుంటాండా. ఒక్కదానికే భయమయితాంది. ఎవురన్నా తోడొస్తే బాగుంటాది."

ఆవిడ నావైపు చూడలేదు. చూసి ఉంటే నేను తల దించుకునేదాన్ని. ముప్పై ఏళ్ళ పేరును నాకోసం ఆ మైకు ముందు పెట్టేశారని నాకు తెలిసిపోయింది. ఎలాగో అత్త వైపు తిరిగాను. నేను నోరు తెరిచేలోపే అత్త నా చెవి దగ్గర, "నా పెద్దకొడుకు పుట్టినప్పట్నుంచి నాకూ ఉండాదే" అంది.

"నాకూ ఉంది అత్తా. రెండేళ్ళనుంచి. ఆపరేషన్ చెయ్యాలన్నారు."

అత్త ఇంకాస్త దగ్గరికి జరిగి, "సోమవారం నేను నీతో వస్తా. అట్లే నన్నూ చూపిచ్చు" అంది.

సోమవారం హంపమ్మ మిస్‌కూ నాకూ ఒకే వార్డులో మంచాలు దొరికాయి. అత్తకు మందులతోనే సరిపోయింది. అందరూ మెచ్చుకున్నారని చెప్పను. ఆ సన్మానం తర్వాత మిస్‌ను వార్షికోత్సవాలకు పిలవడం తగ్గింది. ఆవిడ కొంచెం బాధపడ్డారు కూడా. కానీ సాయంత్రాలు ఆవిడ ఇంటికి ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు, పేరు చెప్పనివాళ్ళూ, ముసుగు తీయనివాళ్ళూ. ప్రతి ఒక్కరినీ డాక్టరమ్మ దగ్గరికి పంపేదాకా ఆవిడ వదల్లేదు. ఆవిడ పోయి నాలుగేళ్ళవుతోంది. అంత ధైర్యం ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు కన్నడం నాకు బాగానే వచ్చు. జీర్ణవ్యవస్థ పాఠం చెప్పేటప్పుడు పుస్తకం పెద్దపేగు దగ్గర ఆగిపోతుంది, నేను ఆగను. ఆ జబ్బు పేరు రెండు భాషల్లోనూ బోర్డు మీద రాస్తాను. పిల్లలు నవ్వుతారు. నవ్వనిస్తాను. పోయిన వారం క్లాసు అయ్యాక ఒక అమ్మాయి వెనకే వచ్చి, "మిస్, మా అమ్మకు ఈ మాట చెప్పొచ్చా?" అని మెల్లగా అడిగింది.

"ఇంటికి పోంగానే చెప్పు" అన్నాను.