గోడవైపు తిరిగిన పిళ్ళయార్

మా చిన్నాన్న కొడుకు బీచ్ దగ్గర పాత ఇల్లొకటి అద్దెకు తీసుకుని కాఫీ హోటల్ పెట్టాడు. హోటల్ అంటే వాడికి కోపం, కెఫే అనాలట. నిన్నమొన్నటిదాకా సారం అనే మా పేటలో, మా వీధిలోనే ముక్కు చీదుకుంటూ తిరిగినవాడు, ఇప్పుడు నలిగిన ఖద్దరు తొడుక్కుని 'మన రూట్స్' అంటాడు. వాడి మొహానికి అదొక్కటే తక్కువ!

వాడు అడిగాడని మా అమ్మ గోడకు వేలాడదీసే అద్దాల గుడ్డ కుట్టింది. ఎర్ర గుడ్డ మీద పిళ్ళయార్ (మా ఊళ్ళో వినాయకుణ్ణి అలాగే అంటాం), చుట్టూ అద్దాలు. వెనకాల ముడులు కనబడకుండా లైనింగ్ వేసింది. ఆ ముడులు ఎవరైనా చూస్తే, జాకెట్ తిరగేసి తొడుక్కుని వీధిలోకి వెళ్ళినంత సిగ్గు అమ్మకు. తన పని పదిమంది కళ్ళబడడం అదే మొదటిసారి. పట్టుచీర కట్టుకుని, నన్నూ పక్కింటి అత్తనూ వెంటబెట్టుకుని ఆటోలో బయలుదేరింది.

వెళ్ళి చూస్తే గోడ మీద ముడులు, వేలాడే దారపు కొసలు. మహానుభావుడు లైనింగ్ పీకేసి, గుడ్డ తిరగేసి తగిలించాడు. దేవుడి మొహం గోడకు, వీపు మనకు.

"నీ పిళ్ళయార్ యాడ వదినా?" అంది అత్త, పాపం, ఏమీ తెలియక.

అమ్మ మొహం చిన్నబోయింది. "ఏందిరా ఇది?"

"ముందుపక్క ఒకటే తళతళ పెద్దమ్మా, చీప్‌గా ఉండాది. వెనకపక్కే ఆర్ట్. గెస్టులు ఫోటోలు తీసుకుంటా ఉండారు."

గాడిదకేం తెలుసు గంధపు పొడి వాసన! దులిపేద్దామని నోరు తెరిచాను. అమ్మ నా చెయ్యి నొక్కింది. వాడికి సిగ్గు లేదు సరికదా, ఇంకొకటి కావాలన్నాడు. "ఈసారి లైనింగ్ వద్దు పెద్దమ్మా, వేస్టు."

అమ్మ సరేనంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి అమ్మ మీదే అరిచాను. "ఆ బుర్రలేని వాడికి మళ్ళీ కుడతావా? నీకు రోషం లేదా?" అమ్మ మరునాడే సూది పట్టుకుని కూర్చుంది.

కుట్టడం అయ్యాక తీసుకెళ్ళి ఇచ్చాం. వాడు చేతిలోకి తీసుకోగానే తిరగేశాడు. పిళ్ళయార్. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ పిళ్ళయారే. అమ్మ రెండు గుడ్డలు కుట్టి, వీపుకు వీపు ఆనించి, నాలుగంచులూ మూసేసింది.

"వెనకపక్క యాడ పెద్దమ్మా?" అన్నాడు వెర్రిమొహం వేసుకుని.

"ముందేదో వెనకేదో తెలిసినోళ్ళకైతే ఒక పక్క కుడితే చాలు నాయనా," అంది అమ్మ. "నీకు రెండు పక్కలా కుట్టాల్సి వచ్చె."