హద్దు మీద మూడు చుట్లు

2022 చివర్లో కొత్తగూడెంలో పోడు సర్వే పని మీద ఉన్నాను. పోడు అంటే అడవి అంచున తరాలుగా సాగు చేసుకుంటున్న భూమి. దానికి పట్టా ఇవ్వాలంటే ఆ చేను ఎక్కడుందో, ఎంతుందో ముందు మ్యాపు మీద తేలాలి. తేల్చేది నేను. పేరుకు జీఐఎస్ ఆపరేటర్‌ని, అంటే కంప్యూటర్‌లో మ్యాపులు గీసేదాన్ని. జీతమిచ్చేది ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ, కూర్చునే కుర్చీకి ఒక కాలు పొట్టి. అయినా మా మండలాల్లో నా స్క్రీన్ మీదికి రాకుండా ఒక్క చేనూ పట్టా దాకా పోలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే చెబుతున్నాను.

పని ఇలా జరుగుతుంది. రైతు తన చేను గట్టు వెంట ముందు నడుస్తాడు. ఫీల్డ్ ఉద్యోగి చేతిలో జీపీఎస్ పట్టుకుని వెనకాలే నడుస్తాడు. నడిచినంత మేరా ఆ పరికరం చుక్కలు పెట్టుకుంటూ పోతుంది. ఆ చుక్కల దారినే ట్రాక్ అంటాం. ఆ ఫైళ్లు నా దగ్గరికి వస్తే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేసి, మొదలూ చివరా కలిపి మూసేస్తాను. అప్పుడు చేను ఆకారం తేలుతుంది. దాని పేరు పాలిగాన్. వినడానికి బాగానే ఉంటుంది గానీ, చెట్ల కింద సిగ్నల్ సరిగా అందక చుక్కలు చెదిరిపోతాయి. కొన్ని ట్రాకులు కోడి కెలికిన పెంటకుప్పలా ఉంటాయి. వాటిని శుభ్రం చేయాలి. ఒక చేను ఇంకో చేను మీదికి ఎక్కకుండా చూడాలి. ఎక్కితే ఓవర్‌ల్యాప్ అంటాం, అంటే హద్దు తగాదా ఉన్నట్టు లెక్క. తగాదా ఉన్నవాటిని పక్కన పెట్టి మిగతావి పట్టాకు పంపుతాం.

అలా పక్కకు పోబోయిన చేను పూనెం ముత్తమ్మది. టేకులపల్లి అవతల అడవిలో ఉండే కోయ గూడెం ఆమెది. భర్త పోయాడు. ఆ చేనే ఆమెకు తిండి. గట్టుకు అవతలి చేను ఆమె మరిది కన్నయ్యది. ఈ రెండు పాలిగాన్లూ ఉమ్మడి గట్టు మీద ఒక చోట, చిన్న గుండ్రటి ముక్క మేర, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

మా టీమ్ లీడర్ నా భుజం మీదుగా స్క్రీన్ చూశాడు. "అన్నదమ్ముల భూమి గదమ్మా, తగాదా గాకుంటె ఇంకేముంటది? రెండూ పక్కన పడెయ్. రేపు పొద్దున ఫైనల్ పంపాలె."

"పక్కన పెట్టినవి మళ్లీ ఎప్పుడు తీస్తరు సార్?"

"తీస్తరు."

ఆ 'తీస్తరు' ఎంత పొడుగో నాకు తెలుసు. అది తేలేలోపు వానలు పడతాయి. కాగితం లేని చేనులో అరక కడితే ఎవరో ఒకరు వచ్చి ఆపుతారు. ఆమె ఆ ఏడు ఏం తింటుంది? నాకు చిర్రెత్తుకొచ్చింది. శుభ్రం చేసిన పాలిగాన్లు మూసేసి, ముడి ట్రాకులు మళ్లీ తెరిచాను.

సిగ్నల్ చెడి చెదిరిన చుక్కలకు ఒక పద్ధతంటూ ఉండదు. ఇవి మాత్రం చాలా పద్ధతిగా ఉన్నాయి. గట్టు వెంట తిన్నగా వచ్చి, ఒక చోట గుండ్రంగా మూడు చుట్లు తిరిగి, మళ్లీ తిన్నగా పోయాయి. కన్నయ్య ట్రాక్ తెరిచాను. అక్కడే, అవే మూడు చుట్లు. శుభ్రం చేసే టూల్ ఆ చుట్లను కూడా చేనే అనుకుని లోపలికి మింగేసింది. రెండు చేలూ ఒకే ముక్కను మింగితే తగాదాలా కనబడక ఏమవుతుంది?

"సార్, ఇది తగాదా కాదు. వాళ్లను పిలిపించండి."

"గంత ఖాయంగ ఎట్ల జెప్తవ్?"

"కొట్లాడుకునేటోళ్లు ఒక్క చోటనే చెరో మూడు చుట్లు తిరుగుతరా సార్?"

ఆయన నవ్వి, సాయంత్రం దాకా టైమిచ్చాడు. పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చేస్తే, మధ్యాహ్నానికి వదినా మరుదులిద్దరూ ఆటో దిగారు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను.

"పెద్దమ్మా, నీకూ కన్నయ్య కాకకూ ఏమన్న గొడవుందా?"

ముత్తమ్మ మరిది వైపు ఓరగా చూసింది. "ఎందుకు లేదు? ఈయన మేకలు నా చిక్కుడు పాదును బతకనియ్యయి."

"చేను కాడ?"

"చేను కాడ ఏం గొడవ? ఆ గట్టు మా మామ పోసింది."

"మరి ఈడ మూడు సుట్లు ఎందుకు తిరిగిన్రు?" అని స్క్రీన్ మీద చూపించాను.

ఇద్దరూ కోయలో ఏదో అనుకుని పకపకా నవ్వారు. కన్నయ్యే చెప్పాడు. "అవ్ మేడం, ఆడ మా అమ్మోరు రాయి ఉన్నది. చేను సుట్టు తిరిగేటప్పుడు ఆమెను సుట్టకుంట ఎట్ల పోతం? ఇత్తనాలేసేటప్పుడు గంతే, కోతకు గంతే. సారును బూట్లు ఇడువుమన్నం, ఇడిసిండు. మిషిను పట్టుకొని మా ఎనకనే తిరిగిండు."

రైతు ఎటు నడిస్తే అటే నడవమని ఫీల్డ్ వాళ్లకు శిక్షణ ఇచ్చింది మేమే. పాపం, ఆయన తు.చ. తప్పకుండా పాటించాడు.

చిక్కు విడిపోయింది. ఇక ఆ ముక్కను ఎవరి పాలిగాన్‌లో ఉంచాలన్నదే మిగిలింది. "వదినె పేరు మీదనే ఉంచుండ్రి," అన్నాడు కన్నయ్య. నాకూ అదే న్యాయమనిపించి మౌస్ మీద చెయ్యి వేశాను.

"వద్దు," అంది ముత్తమ్మ. "ఆమెను నా పట్టాల రాయొద్దు."

"జాగ కలిసొస్తది గదా పెద్దమ్మా."

"ఆమె జాగల మేమున్నం బిడ్డా. మా జాగల ఆమె ఉంటదా?"

మాది నేలకొండపల్లిలో చర్చికి పోయే ఇల్లు. రాయికి మొక్కడం మాకు లేదు. అయినా ఆ మాటకు మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. పట్టా చేతికొస్తుందో రాదో తెలియని మనిషి, ఊరికే వస్తున్న నేలను వద్దంటోంది.

కన్నయ్య కూడా సరేనన్నాడు. రెండు పాలిగాన్ల నుంచీ ఆ గుండ్రటి ముక్కను కోసేశాను. ఓవర్‌ల్యాప్ చెక్ నడిపిస్తే ఒక్క తప్పూ రాలేదు. టీమ్ లీడర్ వచ్చి చూశాడు. "గట్టు మీద ఈ బొక్క ఏంది?"

"అమ్మోరి జాగ సార్. ఇద్దరు ఒప్పుకొనే ఇడిపించిన్రు."

ఆయన రెండు చేలనూ పట్టాకు పోయే వాటిలో కలపమన్నాడు.

అప్పటి నుంచి ఫీల్డ్‌కు పోయే కొత్తవాళ్లకు ఒక మాట చెబుతున్నాను. నడక మొదలుపెట్టే ముందే, హద్దు మీద మొక్కే చోటుందా అని అడగండి. ఉంటే అక్కడ జీపీఎస్ రికార్డింగ్ ఆపి, వాళ్లతో పాటు చుట్టు తిరిగి, మళ్లీ మొదలుపెట్టండి. సాఫ్ట్‌వేర్ తప్పు చూపించిన చోట చెరిపేయడం ఎవరైనా చేస్తారు. అక్కడ నడిచిన మనిషిని పిలిచి అడగడమే మన పని.

పట్టాలు పంచిన రోజు కన్నయ్య ఫోన్ చేసి వదినకిచ్చాడు. వచ్చిందా పెద్దమ్మా అని అడిగాను.

"వచ్చింది బిడ్డా. పట్టా మీది బొమ్మల అమ్మోరి జాగ ఇడిసినవ్. మంచిగ ఇడిసినవ్."

ఎంత భూమి గీశావని నన్ను అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. ఏం విడిచిపెట్టానో చూసి మెచ్చుకున్నది మాత్రం ఆమె ఒక్కతే.